బకెట్ నెత్తి మీదికొచ్చేసరికి

కొత్త సైన్సు టీచరుగా కోడలికి రేపే మొదటి క్లాసు. పిల్లలకు చూపించాలని పెరట్లో నీళ్ళ బకెట్‌ను నెత్తి మీదుగా గుండ్రంగా తిప్పడం సాధన చేస్తూ, మూడోసారి కూడా నిలువునా తడిసిపోయింది. వంటింటి గుమ్మంలో కూర్చున్న అత్తగారికి నవ్వు ఆగడం లేదు.

"నవ్వకండి అత్తయ్యా! రేపూ ఇలాగే అయితే ఏడాదంతా నన్ను తడిసిన టీచరనే పిలుస్తారు."

"సరేగానీ, బోర్లా తిరిగిన బకెట్లో నీళ్ళు అసలెందుకు ఆగుతాయే?"

"నీళ్ళు తిన్నగా పోదామని చూస్తాయి. బకెట్ అడుగు వాటిని అడ్డుకుని, లోపలికి, నా భుజం వైపు నెడుతూ ఉంటుంది. అందుకే గుండ్రంగా తిరుగుతాయి. వేగం తగ్గిందంటే మాత్రం నా నెత్తినే పడతాయి."

"మరి పైకెళ్ళగానే కళ్ళు మూసుకుని చెయ్యి నెమ్మది చేస్తున్నావేం?"

"నేనా?"

"మూడుసార్లూ చూశాను. పాఠం నోటికొచ్చిందిగానీ నీకే నమ్మకం కుదరలేదు. ఉండు, నీ పక్కన నిలబడతాను."

"వద్దత్తయ్యా, మీ జుట్టు ఇప్పుడే కదా ఆరింది!"

"అందుకే. నన్ను తడిపే ధైర్యం నీకెలాగూ లేదు. తిప్పు."

నిజంగానే ఆ ధైర్యం లేదు కోడలికి. పళ్ళు బిగించి, కళ్ళు తెరుచుకుని, ఎక్కడా తగ్గకుండా తిప్పింది. ఒక చుట్టు, రెండు, అయిదు. ఒక్క చుక్క రాలలేదు.

"పడలేదత్తయ్యా! పడలేదు!"

"చూశాను తల్లీ, చూశాను! ఇక ఆపు, చెయ్యి పీకుతుంది."

"ఎలా ఆపాలి? అది ఇంకా నేర్చుకోలేదు!"

అత్తగారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని వంటింట్లోకి పరుగు తీశారు.