నాలుగు తాళం పిన్నులు

నా పేరు పాయం ముసలయ్య. తండ్రి బొజ్జయ్య. వయసు యాభై ఒకటి. దుమ్ముగూడెం మండలంలో వాగు అవతలి గూడెంలో ఉంటాను. జీపు కిరాయికి తోలుతాను. ఆదివారాలు ప్రార్థన షెడ్డులో వాక్యం చెబుతాను. బడిలో చదివింది ఐదో తరగతి దాకానే. మైకు సెట్టు రిపేరు, బండి వైరింగు సొంతంగా నేర్చుకున్నాను.

ఈ రోజు, 2024 జూలై 29 సోమవారం, వీరన్న కేసులో సాక్షిగా నన్ను భద్రాచలం కోర్టుకు పిలిచారు. నేను సాక్షిని కానని మేజిస్ట్రేటు మేడమ్ గారికి చెప్పుకున్నాను. చెప్పి తీరాలని లేదు, చెబితే నీ మీదే వాడతారని వారు రెండుసార్లు హెచ్చరించి, ఆలోచించుకోమని గంటన్నర వరండాలో కూర్చోబెట్టారు. ఆలోచించుకున్నాను. చెబుతున్నాను.

నా జీపు పాతది. పైన టార్పాలిన్, పక్కలకు తలుపులు లేవు. పదకొండేళ్ల పాటు గూడెం వాళ్లు సంతకైనా దవాఖానాకైనా నా జీపులోనే పోయేవారు. వానాకాలంలో వాగు దగ్గర జీపు ఆపితే అందరూ దిగుతారు. ఖాళీ బండి ముందు దాటుతుంది, మనుషులు తాడు పట్టుకుని వెనక నడుస్తారు. దిగగానే నేను చెయ్యెత్తి ప్రార్థన చేసేవాణ్ణి. షెడ్డులో ఆవలించే వాళ్లు కూడా ఆ నీళ్ల ముందు గట్టిగా ఆమెన్ అనేవారు. ఆ ఆమెన్ కోసమే నేను జీపు తోలానని ఇప్పుడు తెలుస్తోంది.

మార్చిలో మా గూడెం వీరన్న తలుపులున్న జీపు కొన్నాడు. వయసు ముప్పై రెండు. నన్ను అన్నా అని పిలుస్తాడు. నెల తిరగకుండా జనమంతా అతని బండి ఎక్కారు. జూన్‌లో వాగుకు నీళ్లు వచ్చినా ఎవరూ దిగలేదు. చీర తడవకుండా, ప్రార్థన లేకుండా దాటారు. నా భార్య నాగక్క కూడా దాటింది.

జూలై 9 మంగళవారం ఉదయం వీరన్న విజయవాడ నుంచి తెచ్చిన పెట్టెతో మా ఇంటికి వచ్చాడు. అందులో నాలుగు తలుపులకు పవర్ అద్దాల మోటార్లు, సెంటర్ లాక్, రిమోట్ ఉన్నాయి.

"అన్నా, నీ చేతి వైరింగైతేనే నాకు ధైర్యం. ఇంకొకనికియ్య," అన్నాడు.

రెండు రోజులు పని చేశాను. తలుపుల అట్టలు విప్పి, మోటార్లు బిగించి, వైర్లు లాగాను. బుధవారం సాయంత్రం నాలుగున్నరకు వీరన్న రిమోట్ నొక్కితే నాలుగు తలుపులూ ఒక్కసారే టక్కుమన్నాయి. జనం చప్పట్లు కొట్టారు.

నాగక్క అద్దం దించి, ఎక్కించి, మళ్లీ దించింది. "ఏందయ్యో గట్ల చూస్తవ్? మన బండికి తలుపే లేకపాయె, తాళమెక్కడ పెడ్తవ్?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా జీపుకు తలుపులు లేవు.

పొరుగువాడి సొత్తు ఆశించొద్దనే బైబిలు పదో ఆజ్ఞలో అతని ఎద్దు గురించి ఉంది, గాడిద గురించి ఉంది. జీపు గురించి లేదని నా మనసుకు చెప్పుకున్నాను.

నేను చేసినవి రెండు. అద్దాలకూ తాళానికీ వేర్వేరు ఫ్యూజులు ఉండాలి. రెంటికీ కలిపి ఒకటే పెట్టాను. ముప్పై ఆంపియర్లది వేయాల్సిన చోట పది వేశాను. ఒక అద్దం ఎత్తితే అది నిలుస్తుంది. నాలుగూ కలిపి ఎత్తితే పోతుంది, దాంతో తాళం కూడా పనిచేయదు. రెండోది, లోపల తలుపు మీద తాళం పిన్ను ఉంటుంది. కరెంటు లేకున్నా దాన్ని చేత్తో ఎత్తి తలుపు తెరవొచ్చు. ఆ నాలుగు పిన్నులూ తీసి జేబులో వేసుకున్నాను.

అవెందుకు తీశావని వీరన్న అడిగాడు. "రిమోట్ ఉండంగ పిన్నులెందుకురా, పిల్లలు గుంజుతరు," అన్నాను.

"అవ్ అన్నా, గిట్లనే సాఫుగున్నది," అన్నాడు.

వీరన్న ప్రతి ఆదివారం జనాన్ని షెడ్డు ముందు దింపేవాడు. బండి కదిలితే తలుపులకు తాళం వేస్తాడని, అక్కడ దింపే ముందు నాలుగు అద్దాలూ కలిపి ఎత్తి చూపిస్తాడని నాకు తెలుసు. అప్పుడు ఫ్యూజు పోవాలి. జనం లోపల చెమటలు కక్కాలి. నేను వెళ్లి ఫ్యూజు మార్చి తెరవాలి. పిన్నులు చేతిలో పట్టుకుని గర్వం గురించి వాక్యం చెప్పాలి. అనుకున్నది ఇంతే. 14వ తేదీ ఆదివారం వాన పడింది. అద్దాలు ముందే ఎత్తి ఉన్నాయి. ఏమీ జరగలేదు.

జూలై 20 శనివారం సంత. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు వీరన్న జీపు అతనూ నాగక్కా కలిపి ఎనిమిది మందితో వాగులో దిగింది. నేను వెనక ఖాళీ జీపులో ఉన్నాను. పైన కొండల్లో వాన పడినట్టుంది, నీరు ఎర్రగా వచ్చింది. వీరన్న బండి నడి వాగులో ఆగిపోయింది. నీళ్లు కిటికీల్లోకి కొట్టగానే నాలుగు అద్దాలూ ఒకేసారి లేచాయి. ముప్పావు వంతు ఎక్కి ఆగాయి.

ఫ్యూజు పోయిందని నాకు అప్పుడే తెలిసింది. వాళ్లకు తెలియదు. లోపల తలుపుల మీద పిన్నుల కోసం చేతులు తడుముకోవడం నాకు కనిపించింది.

జాకీ రాడ్డు తీసుకుని నీళ్లలో దిగాను. ముందు నాగక్క పక్క అద్దం పగలగొట్టాను. తర్వాత వీరన్న పక్కది. ఏడుగురు బయటపడ్డారు. వెనక సీటులో అడుగున ఉన్న ముత్తక్కను చివర లాగాము. ఆమెకు అరవై నాలుగేళ్లు. పదకొండేళ్లలో నా జీపులో అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆమే. దవాఖానాకు చేరేసరికి ప్రాణం లేదు.

వీరన్న నిర్లక్ష్యంగా తోలాడని కేసు పెట్టారు. బేడీలతో పోలీసు బండి ఎక్కుతూ, "నువ్వు రాకపోతే అందరం పోతుంటిమి అన్నా. ఇంటికాడోళ్లను జర చూడు," అన్నాడు.

గూడెం నాకు శాలువా కప్పింది. నిన్న ఆదివారం నా జీపు నిండింది. వాగు దగ్గర అందరూ దిగారు. నేను చెయ్యెత్తాను. అందరూ ఆమెన్ అన్నారు. నాగక్క మాత్రం నా జీపు ఎక్కలేదు. షెడ్డు దాకా నడిచి వచ్చింది.

గొర్రెల కాపరిని ఓర్వలేక ఈటె విసిరిన రాజు కథ చెబుదామని గ్రంథం తెరిచాను. ఆ పేజీలో నాలుగు పిన్నులు ఉన్నాయి. అవి నా చొక్కా జేబులో ఉండాలి. ఆ చొక్కా శుక్రవారం నాగక్క ఉతికింది. తల ఎత్తితే ఆమె నన్నే చూస్తోంది. వాక్యం చెప్పలేదు. గ్రంథం మూసేశాను.

ఆ పిన్నులు ఇవి. మేడమ్ గారి బల్ల మీద పెట్టాను. వీరన్న ఏ తప్పూ చేయలేదు. నన్ను నమ్మాడు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఇది నిజం. ఎవరి బెదిరింపూ లేదు, నా ఇష్టంతోనే చెప్పాను. శాలువా కూడా సంచిలో తెచ్చాను, దాన్ని ముత్తక్క ఇంటివాళ్లకు ఇప్పించమని మనవి.

(సంతకం) పాయం ముసలయ్య