నీలి రంగులో పాట లేదు

నాందేడ్ ఊరి చివర ఒక ఫంక్షన్ హాలు, పొద్దు గూకే వేళ. పచ్చిక మీద రెండు వైపుల పెళ్ళివారూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చప్పుడన్నది లేకుండా, చూసేవాళ్ళకు వీళ్ళకు మతి పోయిందా అనిపించేలా ఎగురుతున్నారు. ఈ ఆటంతా నడిపిస్తున్నది పెళ్ళికూతురు పూనమ్ వాళ్ళ అక్క శుభాంగి. పక్కనున్న అద్దాల గదిలో ఆమె అప్పుడే చేతిలోని మైకు బల్ల మీద పెట్టి, కిటికీకి వీపు తిప్పి, ఛార్జింగ్ పెట్టె మీదికి వంగింది. తండ్రి దేవిదాస్ గోనెసంచి పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఇంతసేపు గా మైకుల ఏం చెప్పినవ్ బిడ్డా? నీ నోరు ఆడుతుంది గని నాకు ఒక్క ముక్క ఇనవడలే."

"నీకెట్ల ఇనవడ్తది బాపూ, చెవులకు పెట్టుకుంటే గద! పసుపు పెట్టేటోళ్లు పూనమ్ పీట కాడికి రండ్రని చెప్పిన. నువ్వేంది ఇక్కడ? తలుపెయ్యి, ముందు తలుపెయ్యి."

"ఏస్తున్న. గా లైట్లేంది, ఒకలకు ఎర్రగ, ఒకలకు ఆకుపచ్చగ?"

"ఎర్రగ వెలిగితే హిందీ పాటలు. ఆకుపచ్చ అయితే మరాఠీ. చెవి కాడ మీట ఉంటది. ఎవలకు నచ్చింది ఆళ్లు ఒత్తుకుంటరు."

"మరి నీలిది?"

"నీలి రంగుల పాట లేదు. అది మైకుకు ఇడిచిపెట్టిన. నేను చెయ్యెత్తి ఊపితే అందరు నీలికి మారాలె, నేను చెప్పింది ఇనాలె, మళ్ల ఎవల పాటకు ఆళ్లు పోవాలె."

"అంటే మొగడు ఒక పాటకు, పెండ్లాం ఒక పాటకు ఎగురుతరా?"

"ఎగురుతరు. అదే మజా. ఇప్పుడంత గిదే నడుస్తుంది బాపూ. పుణె దిక్కు దాండియా గూడ గిట్లనే ఆడుతున్నరట. పెద్ద స్పీకర్ డబ్బాలు పెడితే పోలీసోళ్లు గుంజుకపోతరు, గిది తెల్లారెదాక నడిపినా అడిగేటోడు లేడు. వచ్చే యేడు సూడు నువ్వు. ఒక్క పందిట్లనే ముసలోళ్లకు భజన ఒక రంగుల, పోరలకు డీజే ఇంకో రంగుల. బరాతు గూడ గిట్లనే తీస్తరు, నెత్తి మీద లైట్లు పెట్టుకోని."

"బరాతు గూడ చప్పుడు లేకుంటనే పోతదా?"

"పోతది."

"మరి పెండ్లి పోతుందని ఊరికి ఎట్ల ఎర్కైతది?"

"ఊరికి ఎందుకు ఎర్క గావాలె? వీటిల్ల సగం బ్యాటరీ అయిపోయినయ్, నన్ను గెలకకు బాపూ. గా సంచిల ఏంది?"

"ఏం లేదు. తువ్వాల."

"తువ్వాల అంత గుండ్రంగ ఉంటదా?"

"తువ్వాలల చుట్టిన."

"బాపూ!"

"ఇక్కడ ఇప్పను. ముడి గట్టిగనే ఏసిన సూడు."

"తేవద్దన్న. ఫోన్ల చెప్పిన, ఇంటికచ్చి చెప్పిన, కాళ్లు మొక్కి చెప్పిన. డప్పు తేవద్దన్ననా లేదా?"

"అన్నవ్. కుండల్‌వాడిల జీపు ఎక్కేదాక సంచి ఇంట్లనే ఉండె. జీపు కదిలింది, నా పానం ఆగలే. దిగి, మళ్ల ఇంటికి పోయి తెచ్చిన. ఇక్కడికచ్చినంక మిద్దె మీద ఎండల పెట్టిన. తోలు మంచిగ కాగింది."

"మిద్దె మీదనా? ఎవలన్న సూసిండ్రా?"

"గేటు కాడి వాచ్‌మన్ ఒక్కడు సూసిండు. ఏంది కాకా అన్నడు. జల్లెడ అన్న."

"జల్లెడనా!"

"నమ్మిండు. మంచోడే. ఇంకో సంగతి గూడ చెప్పిండు."

"ఏం సంగతి?"

"నిన్న గిదే పచ్చిక మీద ఎవలదో పెండ్లికి డీజే మోగిందట. గీ అద్దాలు అదిరినయట."

"నిన్నటిది వేరే."

"ఎట్ల వేరే? పక్కకు దవాఖాన ఉంది, చప్పుడు చెయ్యనియ్యరు అన్నవ్ గద. నేను చుట్టు తిరిగి అచ్చిన. ఈ పక్కకు జొన్నచేను ఉంది. యెనకకు ఇటుకబట్టి ఉంది. దవాఖాన యాడుంది బిడ్డా?"

"బాపూ, ఈ వైరు జెర పట్టుకో."

"పట్టుకున్న. దవాఖాన యాడుంది?"

"లేదు."

"లేదా?"

"లేదు, లేదు! ఏ దవాఖాన లేదు. సాలునా?"

"మరి గీ మూగ ఆట ఎందుకు?"

"బల్ల మీద అట్ల ఏళ్లు ఆడియ్యకు ముందు."

"ఆడిస్తలేను."

"ఆడిస్తున్నవ్. నీకే ఎర్క లేదు. అచ్చినప్పటి సంది దరువు ఏస్తనే ఉన్నవ్."

"అలవాటు. గా నీలి లైట్లోళ్లు మంచిగ అడుగేస్తున్నరు బిడ్డా. కాలు సరిగ్గ పడ్తుంది ఆళ్లకు."

"నీలిల ఏం లేదు బాపూ. పోరలు ఊకె ఒత్తుకోని ఎగురుతరు. నువ్వు కిటికీ కాడ నిలవడకు, విమలాబాయి సూస్తది."

"సూస్తే ఏమైతది? రేపు నా బిడ్డకు అత్త అయితది, నాకు వియ్యపురాలు అయితది."

"సూస్తే సంచి సంగతి అడుగుతది."

"అడిగితే చెప్త."

"ఏం చెప్తవ్? చెప్పు, ఏం చెప్తవ్? ఆళ్ల ఇంట్ల డప్పు ఇడిచిపెట్టి రెండు తరాలైంది. మనోళ్లే, మన కులపోళ్లే. గని డప్పు ముట్టే ఇంటి పిల్లను తెచ్చుకోనని మొదటి రోజే అన్నది. సావుకు కొట్టే చెయ్యి మా పందిట్ల పసుపు ముట్టద్దన్నది. నేనేం చెప్పాలె ఆమెకు?"

"ఏం చెప్పినవ్?"

"చెప్పిన ఏదో ఒకటి."

"శుభాంగీ. ఏం చెప్పినవ్?"

"మా బాపు ఎప్పుడో ఇడిచిపెట్టిండని చెప్పిన."

"ఇంకేం చెప్పినవ్?"

"నేను పుట్టకముందే డప్పు తీస్కపోయి గోదాట్ల ఏసిండని చెప్పిన."

"గోదాట్లనా? నేనా?"

"మాట వరసకు బాపూ."

"మా నాయిన కట్టిచ్చిన డప్పు. మా అవ్వ మైసవ్వ దానికి పండుగ పండుగకు బొట్టు పెడుతుండె. గోదాట్ల ఏసిన్నా నేను?"

"అట్ల చెప్తేనే నమ్మింది. ఎంత మంచి మనిషి మీ బాపు అన్నది. అందుకే పొద్దున ఆళ్లకు దండం పెట్టేటప్పుడు చేతులు మలిచి పెట్టుమన్న. ఆ ఏళ్ల మీద కాయలు సూస్తే ఎవలకైనా ఎర్కైతది."

"అందుకా? గోర్లు మంచిగ లేవని అన్నవనుకున్న. పొద్దున్నే బ్లేడు పెట్టి కోసుకున్న."

"బాపూ…"

"కానియ్యి. ఇంకేమున్నది, అంత చెప్పు."

"పోయిన నెల నాగనాథ్ కాక సచ్చిపోయినప్పుడు కొట్టినవ్ గద. ఎవడో ఫోన్ల వీడియో పట్టిండు. వాని ఇంటికి పోయి, బతిమిలాడి, నా ముందటనే తీసేయించిన. ఎర్కనా నీకు?"

"నాగనాథ్ నా జోడిగాడు. ఇద్దరం ఒక్క మంట కాడ డప్పులు కాపుకున్నోళ్లం. వాడు పోతే నేను కొట్టకుంట ఎవడు కొడ్తడు?"

"ఎవడన్న కొడ్తడు."

"ఎవడన్న అంటే ఎవడు?"

"నాకేం ఎర్క! నేను నిన్ను తక్కువ చేస్తలేను బాపూ. గీ మూగ ఆట ఎందుకన్నవ్ గద, ఇను. డీజే మోగితే నీ చెయ్యి ఆగదు. యాడ చప్పుడైతే ఆడ నీ ఏళ్లు లేస్తయ్. ఎన్ని పెండ్లిలల్ల సూడలే నేను? గమ్మున కూసుంటనని కూసుంటవ్, పాట మొదలు గాంగనే లేస్తవ్. అందుకే చప్పుడే లేకుంట చేసిన. పిల్లగాని దిక్కోళ్లకు కొత్త ఫ్యాషన్ అని చెప్పిన. నీకు దవాఖాన అని చెప్పిన."

"నా కోసమా ఇదంత?"

"నీ కోసమే."

"నా ఒక్కని చేతులు కట్టేతందుకు ఇంతమంది చెవులు మూసినవ్."

"అట్ల అనకు."

"ఉన్నది అన్న. నీలివి ఎక్కువైనయ్ బిడ్డా."

"కానియ్యి."

"గా గులాబి లంగ పోరి తన చెవి సూపెట్టుకుంట అందర్ని పిలుస్తుంది."

"ఫొటోకు పిలుస్తుంటది. నన్ను ఈ పని చేసుకోనియ్యి. నువ్వు కూసో. కూసోని చేతులు ఒడిల పెట్టుకో."

"పెట్టుకున్న."

"అట్లనే ఉండు."

"ఎగిరేటోళ్లు ఆగిండ్రు."

"అలిసిపోయి ఉంటరు. జెరసేపైతే అన్నాలకు పిలుస్త."

"పూనమ్‌కు ఎర్కనా? గీ గోదావరి సంగతి?"

"ఎర్క."

"ఏమన్నది?"

"ఏమనలే."

"ఏమనలేదా? అది పూనమ్ బిడ్డా. అన్నం ముద్దకు గూడ ఏదో ఒకటి అంటది."

"ఏడ్చింది. సాలునా? ఏడ్చింది. అక్కా, నీ పసుపు నాడు బాపు మొదటి దెబ్బ కొడితేనే నువ్వు పీట దిగినవ్, మరి నేనెట్ల దిగాలె అన్నది. నోరు మూసుకోమన్న."

"అదేం తప్పడిగింది? మన ఇంట్ల నాయిన చేతి దెబ్బ ఇనకుంట ఏ ఆడపిల్ల పీట దిగలే. మా అక్క దిగలే. నువ్వు దిగలే. తల మీద అక్షింతలు ఎవలన్న ఏస్తరు బిడ్డా. మన ఇంటి దీవెన గిది."

"నాకెర్క లేదా? నాకెర్క లేదా బాపూ? నా చెవులల్ల ఇంక ఉంది ఆ దెబ్బ. అత్తగారింట్ల కష్టమైన నాడు అదే యాది చేసుకున్న. గని సంబంధం పోతే? గౌరవ్ మంచి పోరడు. పూనమ్ వాని మీద పానం పెట్టుకుంది. ఆ విమలాబాయి ఒక్క మాటతోని కొడుకును లేపి తీస్కపోతది. అప్పుడు పూనమ్ మొఖం నువ్వు సూస్తవా, నేను సూస్తనా?"

"ఏడ్వకు. సంచి ఇప్పను."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు. సంచి ముడి ఇప్పను. గీ బల్ల మీద కొడ్త, ఒక్కటే దెబ్బ. ఏళ్లతోని. మన ఇద్దరికే ఇనవడ్తది."

"వద్దు."

"తలుపేసి ఉంది. అద్దాలున్నయ్. అవతల అందరి చెవులు నువ్వే మూసినవ్. ఎవలకు ఇనవడ్తది? దానికి ఇనవడకున్నా ఇచ్చిన అనుకుంట. నా పానం నిమ్మలమైతది."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"కొట్టు. మెల్లగ."

"పూనమ్, తల్లీ, సల్లగుండు. ఇగ దిగు బిడ్డా… కొట్టిన. ఇనవడ్డదా నీకు?"

"ఇనవడ్డది బాపూ."

"అయిపోయింది. ఇగ నువ్వెందుకు ఏడుస్తున్నవ్? కండ్లు తుడుసుకో. పోయి దానికి… శుభాంగీ."

"ఊ."

"పూనమ్ పీట దిగింది."

"ఊకో బాపూ."

"దిగింది. పసుపు కాళ్లతోని పచ్చిక మీద నిలవడ్డది. గీ అద్దం దిక్కే సూస్తుంది. దాని చెవుల మీద నీలి లైటు ఉంది."

"నీలిల ఏం లేదు. ఎన్నిసార్లు చెప్పాలె బాపూ, నీలిల పాట లేదు, నీలి ఒట్టి మైకుకు…"

"మైకు యాడ పెట్టినవ్?"

"బల్ల మీద. నీ ముందటనే."

"దీని లైటు వెలుగుతనే ఉంది బిడ్డా."

"బంద్ చెయ్యలేనా? బాపూ, నేను బంద్ చెయ్యలే. పసుపుకు పిలిచి గట్లనే పెట్టిన. అప్పటి సంది… దవాఖాన, గోదావరి, అన్ని… నీ దరువు గూడ…"

"అందుకే ఎగిరిండ్రు ఆళ్లు. అందరివి నీలియే ఉన్నయ్."

"విమలాబాయిది? ఆమెది ఆకుపచ్చ గద? నాకు కండ్లు కనవడ్తలేవ్, నువ్వు సూసి చెప్పు. ఆమె అచ్చినప్పటి సంది మరాఠీ పాటలే పెట్టుకుంది. ఆకుపచ్చ గద బాపూ?"

"నీలి."

"ఏం చేస్తుంది?"

"లేచి నిలవడ్డది. కొడుకు చెయ్యి పట్టుకుంది. ఇటే సూస్తుంది."

"ఉండు, నేను మాట్లాడ్త. ఆట అని చెప్త. అందర్ని నవ్విచ్చేతందుకు నాటకం ఆడినం అని చెప్త. మైకు ఇటియ్యి, ఇటియ్యి బాపూ."

"చెయ్యి తియ్యి. ఇంకో అబద్ధం వద్దు."

"సంబంధం పోతది!"

"పోయేదైతే ఇప్పటికే పోయింది. పోరి ఒక్క దెబ్బకు పీట దిగి, అందరి నడుమ ఒక్కతే నిలవడి సూస్తుంది. ఒట్టు నీ మీద ఏసిన, తప్పు నా మీద ఏసుకుంట. గా సంచి ఇటియ్యి బిడ్డా. రెండో దెబ్బ బల్ల మీద కొట్టను."