కోతలేని ఆదివారం

ఆదివారం పొద్దున్నే కాఫీపళ్లు కొనే షావుకారు పాడేరు నుంచి జీపులో గూడేనికి వచ్చేసరికి, తోట గల ముసలామె చర్చికి బయలుదేరుతోంది.

"ఏటి పెద్దమ్మా, ఎర్రపండంతా రాలిపోతంది. కోతకెళ్లరా?"

"రాలితే రాలనీ సావుకారూ. ఆరు రోజులు కోసాం. ఈరోజు ప్రభువు కాడ కూకుంటాం."

"ఈలోగా ఇంకోడొచ్చి కొనేత్తే?"

"ఆడికీ ఈరోజు కొయ్యం. అది సరే, నువ్వు ఊరికే కూకుని ఎన్నాళ్లయింది?"

అతను లెక్క వేసి చూశాడు. పెళ్లిపీటల మీద కూడా కాటా సంగతే తలచుకున్నాడు.

"నిద్దట్లోనూ బేరమే పెద్దమ్మా. మీ చర్చిలో నాలాంటోడు కాసేపు కూకోవచ్చా? గుమ్మం కాడైనా సరే."

"గుమ్మం కాడొద్దు. నీ సూపు జీపు మీదికే పోద్ది. ముందుకెళ్లి కూకో."