ఇరవై అడుగుల ముఖం

రేపు సాయంత్రమే నాటకం. రంగస్థలం వెనక రేకుల షెడ్డులో ఇరవై అడుగుల ముఖం బొమ్మ చుట్టూ కట్టిన పరంజా అప్పుడే విప్పి పడేశారు. దుస్తులు కుట్టే అక్క, సెట్టు బొమ్మలు చేసే తమ్ముడు, ఇద్దరే మిగిలారు.

"ఒరే, నిజం చెప్పు. ఇది ఎవరి ముఖం?"

"ఎవరిదేంటక్కా? రాజుది. నాటకంలో దుర్మార్గపు రాజు. ఈ నోట్లోంచే కదా భటులంతా స్టేజీ మీదికి వచ్చేది."

"రాజు సంగతి నాకు తెలుసులే. ఆ ముక్కు ఎవరిది?"

"ముక్కు ముక్కులాగే ఉంది."

"ఆ ఎడమ కనుబొమ?"

"అది... కాస్త పైకి లేచింది."

"మా ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడల్లా లేచే కనుబొమరా అది. ఇన్నేళ్లుగా దాని కింద కాపురం చేస్తున్నాను, నాకా చెబుతావు? అది మీ బావ ముఖం."

"మెల్లిగా అక్కా."

"కొంప ముంచావు కదరా."

"కావాలని చేశానా? 'చూడగానే జనానికి గుండె జారిపోవాలి, అలాంటి ముఖం చెయ్యి' అన్నారు బావ. సరేనని కూర్చున్నాను, చేతులు వాటంతట అవే పోయాయి. గుప్పెడంత మట్టి నమూనాలో ఏమీ తెలీలేదు. తర్వాత థర్మోకోల్ దిమ్మలు కోస్తూ నెలంతా పరంజా మీదే ఉన్నాను. ముక్కు దగ్గర ఉంటే ముక్కే కనపడుతుంది, చెవి దగ్గర ఉంటే చెవే. ఇవాళ కర్రలన్నీ తీసేసి దూరంగా నిలబడి చూస్తే..."

"చూస్తే?"

"నమస్కారం పెట్టబోయానక్కా."

"నవ్వకు. ఆయన కంటపడితే నిన్ను గెంటేస్తారు, ఇంటికొచ్చి నన్ను సాధిస్తారు. ఆ ముక్కు కొంచెం చెక్కెయ్యి."

"రంగు వేసేశాను. ఇప్పుడు చెక్కితే లోపలి తెలుపు బయటపడుతుంది."

"పోనీ గడ్డం పెట్టు."

"గడ్డం పెడితే నోరు మూసుకుపోతుంది. భటులు ఎక్కణ్ణుంచి వస్తారు?"

"ఆ నోరు ఒక్కసారి మూసుకుపోతే చూడాలని నాకూ ఉంది. అదిగో, వచ్చేస్తున్నారు. నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటా."

"ఏమోయ్ బావమరిదీ, పరంజా విప్పేముందు నాకు చెప్పాలని తెలీదా? ఈ నాటకానికి దర్శకుణ్ణి నేనా, నువ్వా?"

"మీరే బావా."

"మరి... అబ్బో."

"ఏవండీ, భటుల చొక్కాలు అయిపోయాయి, ఒకసారి చూసి..."

"ఉండవే. ఏం చేశావోయ్. చూస్తేనే ఒళ్లు మండుతోంది. ఆ మూతిలో ఎంత అహంకారం. ఒక్కడి మాట వినడు వీడు."

"వినడు బావా."

"ఎదుటివాడు నోరు తెరిచేలోపే..."

"అందుకే మేమూ... అంటే, భటులు కూడా..."

"మధ్యలో మాట్లాడకు. వీణ్ణి చూస్తేనే తెలుస్తోంది. ఇంట్లో పెళ్లాం కూడా బిక్కుబిక్కుమంటూ బతుకుతుంటుంది."

"బతుకుతుందండీ. అలవాటైపోతుంది."

"ఎవర్ని చూసి చేశావు?"

"ఎవర్నీ చూడలేదు బావా. ఊహించి."

"ఊహించి ఇలా రాదోయ్. ఎవరో ఉన్నారు. చెప్పు, నేనేం అనుకోను."

"నిజంగా ఏమీ అనుకోరా?"

"ఒరే, నువ్వు నోరు ముయ్యి. ఏవండీ, వాడేదో పాత పుస్తకంలో బొమ్మ చూసి చేశాడు. రండి, మీకు ఆకలేస్తుంటుంది."

"ఆగు. ఇలా వెనక్కి వచ్చి చూస్తే... నాకు తెలుసు ఈ ముఖం."

"వెలుగు అలా పడుతోందంతే. మీరు ఇటు రండి."

"వెలుగు కాదు. బాగా తెలుసు నాకు."

"ఏవండీ, వాడికి అంత ఆలోచన లేదు. తెలీక చేశాడు. నా ముఖం చూసి ఈసారికి వదిలెయ్యండి."

"వదిలెయ్యడమేంటి? ఇది అచ్చం మా నాన్న."

"మామగారా?"

"ఆయనే. ఇలాగే చూస్తూ కంచం ముందు కూర్చునేవాడు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. మీసాలైనా రాకముందే ఇంట్లోంచి పారిపోయానంటే ఈ ముఖం చూడలేకే. పోయాడని కబురొచ్చినా వెళ్లలేదు. ఒక్క ఫొటో కూడా దాచుకోలేదు. ఏమైనా కానీ, ఈ మనిషిలా మాత్రం బతకకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా బతుకులో నేను గర్వపడేది ఒక్కటుందంటే అదే. నిలబెట్టుకున్నానా, లేదా? నువ్వు చెప్పు."

"టీ తెమ్మంటారా?"

"అడిగినదానికి చెప్పవే."

"ఏం చెప్పమంటారు..."

"ఏమోయ్, నువ్వెందుకు తల దించుకున్నావు? నిన్నేం అనట్లేదు. అచ్చుగుద్దినట్టు దింపావు, రేపు దీన్ని చూసి జనం వణికిపోవాలి. నాకు ఒక్కటే అంతుపట్టడం లేదు. మా నాన్నని నువ్వెక్కడ చూశావు?"

"అక్కా..."

"అక్కనేం పిలుస్తావు? నిన్నే అడుగుతున్నాను."

"వాణ్ణి అడక్కండి. మీ నాన్నగారిని మా ఇద్దరిలో ఎవరమూ ఎప్పుడూ చూడలేదండీ."