అంటుకుపోయిన పేజీ

మధ్యాహ్నపు ఎండ ఖాళీ రికార్డింగ్ హాల్లో కుర్చీల మీద వాలి ఉంది. సంగీత దర్శకుడు తనకొచ్చిన అవార్డును తెచ్చి, తన మొదటి సినిమా నుంచీ వయొలిన్ వాయిస్తున్న పెద్దావిడ ఒళ్లో పెట్టాడు.

“ఇది నీదక్కా. తల్లి చనిపోయే సీన్లో వయొలిన్ ఆగిపోయిన చోటుకే ఇచ్చామన్నారు.”

“నా మొహం. నోట్స్‌లో రెండు పేజీలు అంటుకుపోతే ఆగిపోయాను. నువ్వేమో దాన్నలాగే ఉంచేశావు.”

“ఆ కాసేపూ హాల్లో ఎవరూ ఊపిరి తీయలేదు. నాకైతే నీళ్ల మీద తేలుతున్నట్టే అనిపించింది.”

“ఒక మాట చెప్తే కోప్పడవుగా? అవి వాటంతటవి అంటుకోలేదురా. ముందురోజు చూసుకుని నేనే జిగురు రాశా.”

“ఎందుకు?”

“ఆ పేజీలో నువ్వు రాసింది సినిమాలో తల్లి కోసం కాదు. మీ అమ్మ పోయి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. ఆ ఏడుపు అంతమందిలో వాయించడానికి నాకు చెయ్యి రాలేదు.”

“తెలుసక్కా.”

“తెలుసా?”

“ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. జిగురు ఆ రోజే చూశాను.”

“మరి ఇన్నాళ్లూ అడగలేదేం?”

“అడిగితే ఆ పేజీ విప్పాల్సొచ్చేది.”