మొదట అన్నవారి పేరు

ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు. ఆదివారం పొద్దున. బీడీలు చేసే సాలవ్వ ఇంటి అరుగు మీద సోషల్ టీచరు భీమేష్ కూర్చున్నాడు. సాలవ్వ కూతురు, పదో తరగతి చదివే బుజ్జి, లోపల తలుపు వెనక ఉంది.

"నీళ్లు తాగుండ్రి సార్. ఇంత చలిల కామారెడ్డి కాడికెల్లి బండి మీద వస్తిరి, గది సుత ఆదివారం నాడు. బుజ్జీ, బయటికి వస్తవా, నన్ను లోపలికి రమ్మంటవా?"

"ఉండనియ్యి సాలవ్వా, బెదిరియ్యకు. తనే వస్తది."

"ఏడ వస్తది సార్! పదకొండు దినాలాయె. బడి అన్న మాట తీస్తె చాలు, తలుపు వెట్టుకుంటది. పదింటికి చర్చికి పోదాం లేవే అంటె, గదీ వద్దంటది. పొద్దుందాక బీడీల శాట ముంగటేసుకొని ఆకు కత్తిరిచ్చుడే. నిన్న ఒక్కనాడే ఎనిమిదొందల బీడీలు చేసింది. నా కంటె జల్ది చేస్తుంది సార్. చూస్తుంటె సంబురం కాలే, ఏడుపొచ్చింది నాకు."

"బుజ్జీ, నేను. భీమేష్ సార్‌ను."

"తెలుసు సార్."

"జర ఇటు రా. మాట్లాడుదాం."

"ఈడికే వినవడ్తది సార్."

"సార్‌తోని గట్లనే మాట్లాడేది? చూసిండ్రా సార్ దీని తీరు! ఓసేయ్, నీ తండ్రి దుబాయ్‌ల ఉండి చెయ్యనిది సార్ చేసిండే. నీ స్కాలర్‌షిప్ కాయితాలు ఎవలు రాసిండ్రు? ఆధార్‌ల తప్పువడితె ఎవలు తిరిగిండ్రు? ఇంత మంచి సార్ ఇంకో బడిల దొరుకుతడా నీకు?"

"సార్ చెడ్డోడని నేనన్ననా అమ్మా?"

"మరి రా బయటికి!"

"...వచ్చిన. చెప్పుండ్రి సార్."

"కూసో. గట్ల గోడకు నిలవడకు. పరీక్షలు రెండు నెల్లున్నయి బుజ్జీ. క్లాసుల మూడో ర్యాంకు నీది. ఇప్పుడు బందు వెడ్తె అంతా ఆగమైతది. ఎందుకు వస్తలేవు? అది అయిపోయిన ముచ్చట గద. నాకు తెలిసిన తెల్లారే నిన్ను ఎక్కిరిచ్చిన ఆరుగుర్ని నిలవెట్టిన. ప్రార్థనల, బడిల అందరి ముంగట సారీ చెప్పిచ్చిన. చెప్పిచ్చిన్నా లేదా?"

"చెప్పిచ్చిండ్రు సార్. మైకుల."

"అవు, మైకులనే. అందరికి వినవడాలె అనే."

"ఏమన్నవో చెప్పి సారీ చెప్పు అన్నరు. ఆరుగురు చెప్పిండ్రు. తంబాకు అన్నందుకు సారీ. తంబాకు అన్నందుకు సారీ. తంబాకు అన్నందుకు..."

"సరె, సరె."

"ఆరుసార్లు సార్. అప్పటిదాంక మా క్లాసోళ్లే అంటుండె. ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు సుత అంటున్నరు. కిరాణ దుకాణానికి పోతె ఆడ సుత ఒకడు అన్నడు. నా పేరు ఎవ్వలికి తెల్వది గని గది తెలుసు."

"నాకు సుత వినవడె సార్ ఆ దినం. పాల పాకెట్ కోసం చౌరస్తల నిలవడ్డ. మైకుల తంబాకు, తంబాకు అని వస్తుంటె, తంబాకు తినద్దని పిల్లలకు చెప్తున్నరు గావచ్చు, మంచిదే అనుకున్న. నా బిడ్డ ముచ్చట అని నాకేమెర్క!"

"అది... అంత దూరం నేను ఆలోచన చెయ్యలేదమ్మా. మంచికే చేసిన."

"మంచికే చేసిండ్రు సార్. నేను కాదంటున్ననా."

"మరి ఇంకేంది బుజ్జీ?"

"ఏం లేదు."

"ఏం లేకుంటె బడికి రావచ్చు గద."

"రాను."

"ఎందుకు రావో చెప్పు!"

"ఊకె ఒర్రకుండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత. దానికి చెప్పరాదు. తప్పంతా నాది. ఇల్లే ఒక్క అర్రాయె. ఆ అర్రలనే తంబాకు, గండ్లనే ఆకు, గండ్లనే పండేది. బట్టలకు వాసన వట్టకుంట ఏం చేస్తుంటి? దీని డ్రెస్సు ఉతికి, ఇస్త్రీ చేపిచ్చి, మా పక్కింటి భూదవ్వ ఇంట్ల తగిలిస్త. పొద్దుగాల ఆడికే పోయి తొడుక్కుంటది. దినాం తలకు పోసుకుంటది. ఇంత చలిల సుత. దగ్గు వట్టినా మానది. అయినా వాసనొస్తుందట సార్! యాడ వస్తుంది? నేను మెడకాడ మూతి వెట్టి చూసిన, సబ్బు వాసనే వచ్చింది."

"అమ్మా, గవన్ని ఎందుకు చెప్తున్నవు?"

"చెప్పనీయే. సార్ మనోడే."

"సాలవ్వా, తప్పు నీది కాదు. బీడీలు చేసుడు తప్పెట్లయితది? మా బడిల సగం మంది పిల్లల తల్లులు బీడీలు చేసేటోళ్లే. తప్పు ఆ మాట అన్నోనిది. అందుకే వచ్చిన నేను. ఇగో, ఈ ఫిర్యాదు కాయితం చూడు బుజ్జీ. హెడ్మాస్టర్ సార్ ఇచ్చిండు. రేపు పొద్దుగాల ఇది నింపి ఇయ్యాలె. ఇస్తె ఆకాశ్‌కు టీసీ ఇచ్చి పంపిస్తరు. పీడ వోతది. ఇగ నువ్వు నిమ్మలంగ చదువుకోవచ్చు."

"ఆకాశ్‌కు టీసీ ఎందుకు సార్?"

"ఎందుకేంది? వాడే గద అందరికి నేర్పింది. అడిగినోళ్లందరు వాని పేరే చెప్పిండ్రు."

"వాడు అన్నడు. ముక్కు మూసుకున్నడు. నా బెంచి దూరం జరిపిండు. నా బ్యాగుల కాల్చిన బీడీ ముక్కలు వేసిండు. నేను వాన్ని మంచోడు అంటలేను సార్. వాన్ని చూస్తె నాకు ఇప్పటికీ కడుపుల మండుతది. గని మొదలు అన్నది వాడు కాదు."

"మరి ఎవడు?"

"పోనియ్యుండ్రి సార్."

"అభిలాష్‌గాడా?"

"కాదు."

"ఆ రామస్వామి మనుమడా? వాడు ఎనుక బెంచిల కూసొని ఊకె..."

"వాడు నవ్విండు. గంతే."

"ఆడపిల్లలా? నవతనా?"

"కాదు సార్. ఎందుకు అందర్ని అడుగుతరు?"

"చెప్పవే! సార్ అన్నం తినకుంట వచ్చి అడుగుతుండు. ఎవలంటె భయం నీకు?"

"భయం కాదమ్మా."

"మరి ఏంది?"

"బుజ్జీ, ఇటు చూడు. వాడు ఎంత పెద్దోని కొడుకైనా సరె, నేను వదల. మొదలు వెట్టినోని పేరు నాకు కావాలె. ఆరుగురు కాదు, అరవై మంది అన్నరు అనుకో, వాళ్లందరికి ఆ మాట అందిచ్చినోడు ఒక్కడుంటడు గద. వాన్ని వట్టకుంట ఆకాశ్‌ను ఎల్లగొడ్తె రేపు ఇంకోడు అంటడు."

"గదే సార్. నేను సుత గదే అనుకున్న."

"మరి చెప్పు."

"నిజంగనే వదలరా సార్?"

"వదల."

"మీరు ఎట్లనన్న చేసి తప్పిస్తరేమో."

"నా పిల్లల మీద ఒట్టు. చాలునా?"

"...నోటితోని చెప్పరాదు. రాస్త. కాయితం ఇయ్యుండ్రి."

"ఇగో. పెన్ను ఇగో. ఎక్కడ, ఎప్పుడు, ఏమన్నరు, ఎవలున్నరు, అన్నిటికి ఖాళీలున్నయి. చివరిది, మొదట అన్నవారి పేరు. నిమ్మలంగ రాయి."

"రాసినంక మీరు చదవాలె సార్. పైకి. అమ్మకు వినవడేటట్టు."

"నువ్వే చదవచ్చు గద మీ అమ్మకు."

"నేను చదివితె అమ్మ నమ్మది."

"నేనెందుకు నమ్మను బిడ్డా? నిన్ను కాకుంటె ఎవల్ని నమ్ముత?"

"ఈ ఒక్కటి నమ్మవు. రాస్తున్న, మాట్లాడకుండ్రి."

"చూసిండ్రా సార్, రాస్తుంది. మీరు వచ్చుడే మంచిదాయె. పొద్దున ప్రార్థన చేసుకున్న నేను, దేవా, ఎట్లనన్న దీని మనసు తిప్పు అని. గంటకు మీ బండి చప్పుడైంది."

"అంత పెద్ద మాటలు వద్దమ్మా. నా డ్యూటీ."

"గట్లనకుండ్రి. దినాం మీ ముచ్చటే చెప్తుండె ఇంట్ల, మా సార్ గిట్ల చెప్పిండు, మా సార్ గట్ల చెప్పిండు అని. టీచరే అయిత అంటుండె. పోయినేడు ఎందుకో ఆ ముచ్చట బందు వెట్టింది. పెద్దదాయె, సిగ్గువడ్తుంది కావచ్చు అనుకున్న."

"పోయినేడా?"

"ఆఁ, దసరా ఎనుక."

"అయింది సార్. ఇగో."

"తే. మంచిగ రాసినవు. అక్షరం సుత ముత్యాల తీరున్నది. వింటున్నవా సాలవ్వా? 'ఎక్కడ జరిగింది: తరగతి గదిలో. ఎప్పుడు: తొమ్మిదో తరగతి, దసరా సెలవులు అయిపోయిన తెల్లారి.'"

"ఓ దేవుడా! ఏడాది మీదికెల్లి వడుతుందా ఇది? నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా!"

"చదవనీయమ్మా."

"'ఏమన్నారు: నా నోట్‌బుక్ చేతిలోకి తీసుకొని...'"

"ఏమన్నరు సార్? ఎందుకు ఆగిండ్రు?"

"'...చేతిలోకి తీసుకొని, ముక్కు దగ్గర పెట్టుకొని, అబ్బా, ఇది పుస్తకమా తంబాకు సంచా, కిటికీలు తీయండిరా అన్నారు. అందరు నవ్వినారు. ఆకాశ్ లేచి కిటికీ తీసినాడు. తెల్లారి నుండి నేను క్లాసుకు రాంగానే ఎవరో ఒకరు కిటికీ తీసేది.'"

"కిటికీలా? నా బిడ్డ పోతె కిటికీలు తీస్తరా? వాని నోట్ల మన్నువడ! వాని ఇంట్ల ఆడపిల్లలు లేరా? నీ పుస్తకం వాని చేతికెట్ల వోయిందే?"

"నేనే ఇచ్చిన."

"ఎందుకిచ్చినవు?"

"అడిగిండ్రు, ఇచ్చిన."

"సార్, మీరు ఆ దినం యాడ ఉన్నరు? మీకు వినవడలేదా?"

"నాకు... నాకు యాదికి లేదు బుజ్జీ. నిజంగ యాదికి లేదు."

"నాకు ఉన్నది సార్. కోపంతోని అన్లే. పరాచికానికే అన్నరు. అటెనుక ఆ దినమే నాకు ఎక్కువ మార్కులు వేసిండ్రు... వచ్చినయి నాకు. పరాచికమే అని నాకు ఎర్కనే. నేను సుత నవ్విన. నవ్వకుంటె మంచిగుండదు అని నవ్విన."

"పరాచికమట! వాన్ని ఎనకేసుకొస్తున్నవా ఇంకా? ఏడాది దినాలు నీళ్లల్ల నాని నాని తోలు ఊడివాయె, గది పరాచికమా? సార్, పేరు చదువుండ్రి. నేను ఇప్పుడే పోత వాళ్లింటికి. వాని తల్లిని అడుగుత."

"'అక్కడ ఎవరెవరు ఉన్నారు: క్లాసు మొత్తం.'"

"ఎవలున్నరో నాకెందుకు? పేరు!"

"సాలవ్వా, ఇది... ఇది రేపు బడిల మాట్లాడుదాం. హెడ్మాస్టర్ సార్ ముంగట. గిట్ల అరుగు మీద కూసొని..."

"ఒట్టు వెట్టిండ్రు సార్."

"పెట్టిన బుజ్జీ. కాదంటలేను. గని జర..."

"పేరు రాసిందా, లేదా సార్?"

"రాసిందమ్మా."

"రాస్తె చదువుతలేరేంది? ఎవలన్న లీడర్ కొడుకా? మీ నౌకరికి ఏమన్నా అయితదా? భయపడకుండ్రి, మీ పేరు బయటికి రానియ్య నేను. ఏలిముద్ర దాన్నైతిని, నాలుగక్షరాలు వస్తె నేనే గుంజుకొని చదువుదును!"

"అమ్మా, జర ఊకో. సార్, వినుండ్రి. అమ్మకు చదువు రాదు. మీరు ఆకాశ్ అని చదివితె, ఆకాశే అనుకుంటది. నేను నోరు తెరువ. రేపు వానికి టీసీ ఇచ్చుకోండ్రి. నేను ఈడనే శాట ముంగటేసుకొని కూసుంట. వెయ్యి బీడీలు చేస్త దినానికి. ఇగ ఎవ్వల్ని ఏం అడుగ."

"ఏం మాటలే గవి? ఒకటి రాసి ఉంటె సార్ ఇంకోటి చదువుతడా?"

"ఏమో అమ్మా. నాకు తెల్వది. గందుకే పైకి చదవమన్న."

"సార్, మీకు చెమటలు వట్టినయి. గింత చలిల! పాణం మంచిగున్నదా? ఇంకిన్ని నీళ్లు తేవాల్నా?"

"వద్దు. నువ్వు కూసో సాలవ్వా."

"కూసున్న. చెప్పుండ్రి. ఎవడు వాడు?"

"నేను సాలవ్వా. నీ బిడ్డ నా పేరే రాసింది."