జక్కరయ్య రెండో గంట

డెబ్బై రెండో సంవత్సరం, కరువేడు, ఎండలు ముదిరే కాలం. జక్కరయ్యని ఒక ముసలాయన, మా వాడలో ఏసుప్రభువు గుడికి గంట కొట్టేవాడు. మొదటి గంటకి జనం నీళ్లు పోసుకునేవాళ్లు, రెండో గంటకి ఆరాధన మొదలు. ఎవరున్నా, ఎవరు లేకపోయినా, రెండో గంట పడిందంటే పాట ఎత్తుకోవడమే. అది పద్ధతి. ఏమైందంటే, కంట్రాక్టరు ప్రకాశరావని, మనోడే, ఈ వాడలో పుట్టినోడే, నాలుగు రోడ్లు వేసి బాగుపడి, తాటాకు గుడి పీకించి శ్లాబు వేయించాడు. కంచు గంట తెప్పించాడు. మంచి పనే, కాదనకూడదు. అయితే అప్పట్నించీ, ఆయన జీపు టౌను నించి వచ్చిందాకా రెండో గంట కొట్టొద్దన్నారంట సంఘపెద్దలు. ఆయన లోపలికొస్తే జనం లేచి నిలబడాలి. ఈ లేవడం ఎవరు పెట్టారయ్యా అంటే ఎవరూ పెట్టలేదు, అదే వచ్చి కూర్చుంది. జక్కరయ్య తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడంట, గుడికి వీపు పెట్టి, రోడ్డుకి మొహం పెట్టి. ప్రతి ఆదివారం అంతే. నిలబడీ నిలబడీ ఆయనకి విసుగు కూడా పోయింది, అలుపొక్కటే మిగిలిందనుకో.

అట్టా ఉండగా మట్టల ఆదివారం వచ్చింది. ప్రభువు గాడిదెక్కి యెరూషలేముకి వచ్చిన రోజు గదా, అందరూ ఈతమట్టలు పట్టుకుని కూర్చున్నారు. పొద్దెక్కింది. జీపు రాలేదు. ఆ శ్లాబు కింద కూర్చోవడమంటే పెనం మీద కూర్చున్నట్టే అనుకో. మట్టలు వాడి వేలాడినయ్యి. సలోమి అని ఒకామె, నోరు ఎక్కువలే ఆమెకి, "ఒదినా, వీటితో ప్రభువుని ఎదుర్కోవాలా, వాకిలి ఊడవాలా" అందంట. ఆడాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. జక్కరయ్య నవ్వలేదు. పాస్టరయ్యగారి దగ్గరికి పోయి, కొట్టనా అని అడిగాడంట. ఆయన, ఇంకొంచెం చూద్దాం జక్కరయ్యా, పెద్దమనిషి గదా అన్నాడు. "గాడిదెక్కి వచ్చినాయన ఎప్పుడో వచ్చి కూర్చున్నాడు అయ్యగారూ. జీపెక్కి వచ్చేవాడి కోసం ఆయన్ని కాచుకోమంటారా" అని జక్కరయ్య పోయి గంట లాగాడంట. జనం పాట ఎత్తుకున్నారు. పాట అయింది, ప్రార్థనకి మోకాళ్లేసి కళ్లు మూసుకున్నారు, అప్పుడొచ్చాడు ప్రకాశరావు. ఎవరూ లేవలేదు. మోకాళ్ల మీదున్నోళ్లు ఎట్టా లేస్తారు చెప్పు. ఆయన గుమ్మంలో కాసేపు నిలబడి, మళ్లీ జీపెక్కి పోయాడంట.

తెల్లారి పెద్దలొచ్చారు. కంట్రాక్టరు గారి దగ్గరికి పోయి పొరపాటైందని ఒక్క ముక్క అను, నీ తాడు నీకే అన్నారు. అనలేదు. తాడు తీసేసుకున్నారు. జక్కరయ్య భార్య రాహేలమ్మ అప్పటికే దగ్గుతో మంచం పట్టి ఉంది. మనలో ఎవరన్నా పోతే, మట్టి చేసిందాకా ఆగి ఆగి గంట కొడతారు గదా. "ఏమయ్యో, నేను పోతే నీ చేత్తో గంట కొడతావని గదా నా ధైర్యం. ఆ ముక్క అంటే నీ నోరు అరిగిపోద్దా" అందంట. "అనొచ్చే. అన్నాక ఆ తాడు పట్టుకుని ఎవరికి కొడుతున్నానని చెప్పుకోను" అన్నాడు ఈయన. ఆమె గోడవైపు తిరిగి పడుకుందంట.

వానాకాలంలో పోయింది రాహేలమ్మ. పెట్టె తెచ్చి గుడి ముందు దించారు. పెద్దలు మళ్లీ అదే మాట, మెత్తగానే, ఇప్పుడన్నా అనవయ్యా, ఆమె మొహం చూసన్నా అను, గంట కొట్టుకో అని. జక్కరయ్య తాడు వంక చూశాడంట. పెట్టె వంక చూశాడంట. "లేపండి పెట్టె" అన్నాడు.

ఆయన చేసింది రైటా తప్పా అని నన్నడగమాకండి. చెప్పీ చెప్పీ నాకూ ఓపిక లేదు. రెండో గంట ఇప్పటికీ ఎవరో ఒకరి బండి కోసం ఆగుతానే ఉంది, బండ్లు మారినయ్యి, అంతే. రాహేలమ్మని మాత్రం గంట లేకుండానే పూడ్చారు.